పాఠకుల ప్రశ్నలు, జవాబులు: థండర్‌బర్డ్‌లో మనకేం పని?

ఈ పేజీలో ఇదివరకు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. జీమెయిల్ అయినా ఆఫీసు మెయిల్ అయినా మన కంప్యూటర్‌లోకి దించుకుని చదువుకోవడానికి, రాయడానికి పనికొచ్చే ప్రోగ్రాం ఇది. డబ్బు కట్టక్కర్లేదు. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని తిరిగి అందరికీ ఇవ్వచ్చు. ఇలాంటివాటినే ఓపెన్ సోర్స్ అంటారు. నేను విశాఖపట్నంలో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. సాయంత్రాలు వీలు దొరికినప్పుడు థండర్‌బర్డ్‌కు వచ్చే బగ్ రిపోర్టులు, అంటే ప్రోగ్రాంలో తప్పుల మీద వచ్చే ఫిర్యాదులు చదివి, అందులో చెప్పింది నా కంప్యూటర్‌లోనూ జరుగుతుందో లేదో చూసి రాస్తుంటాను. కోడ్ రాసేవాళ్లు వేరే ఉన్నారు. నా జవాబులన్నీ ఈ పని చేసే మనిషి చెప్పేవని గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం మెయిల్స్‌ను ఒక సాఫ్ట్‌వేర్‌తో అందరికీ ఒకేసారి పంపుతాం. సబ్జెక్టులో "సర్వసభ్య సమావేశం ఆహ్వానం" అని రాస్తే కొందరికి "సమావేశ" తర్వాత సున్నా ఉండాల్సిన చోట, ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్లు రెండు కనిపిస్తున్నాయట. "సమావేశం" అని ఒక్క మాటే రాస్తే బాగానే వెళ్తోంది. ఇది థండర్‌బర్డ్ తప్పా, తెలుగు ఫాంటు తప్పా?
– సంఘం కార్యదర్శి, రాజమహేంద్రవరం

జవాబు: కార్యదర్శి గారూ, రెండూ కాదు. పంపే సాఫ్ట్‌వేర్‌లోనే తేడా ఉంది. ఏం రాస్తే చెడుతోందో, ఏం రాస్తే చెడడం లేదో రెండూ చెప్పారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఈమెయిల్ మొదలైన రోజుల్లో సబ్జెక్టు లైనులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే వెళ్లేవి. మిగతా భాషల కోసం 1996లో ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే నియమావళి వచ్చింది. తెలుగు సబ్జెక్టును పంపే ప్రోగ్రాం ముందు దాన్ని బైట్లుగా మార్చాలి. ఆ బైట్లను ఇంగ్లీషు అక్షరాల రూపంలో ముక్కలుగా కట్టాలి. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ఆ ముక్కలో ఏ పద్ధతి వాడారో చెప్పే గుర్తులకు కొంత చోటు పోతుంది. మామూలుగా వాడే బేస్64 పద్ధతిలో మిగిలిన చోటులో 45 బైట్ల సరుకు పడుతుంది.

ఇప్పుడు మీ సబ్జెక్టు లెక్క చూద్దాం. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు. "సర్వసభ్య" అన్న మాటలో ఇలాంటివి ఎనిమిది ఉన్నాయి, అంటే 24 బైట్లు. తర్వాత ఖాళీ. దానికి ఒక్క బైటే. మొత్తం 25. "సమావేశం"లో సున్నాకు ముందు వరకు ఆరు, అంటే 18 బైట్లు. ఇక్కడికి 43 అయ్యాయి. సున్నా 44, 45, 46 బైట్లలో కూర్చుంటుంది. మీ సాఫ్ట్‌వేర్ అక్షరం సంగతి చూడకుండా 45 దగ్గర కోసేస్తోంది. సున్నాలో రెండు బైట్లు మొదటి ముక్కలోను, ఒక బైటు రెండో ముక్కలోను పడుతున్నాయి. రెండు వైపులా పనికిరాని బైట్లే మిగిలాయి కాబట్టి రెండు డైమండ్లు. ఒక అక్షరం బైట్లను రెండు ముక్కల మధ్య చీల్చకూడదని ఆ నియమావళిలోనే స్పష్టంగా ఉంది. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు ఇలా తెగినదాన్ని కూడా అతికించి చూపిస్తాయి, కొన్ని చూపించవు. అందుకే ఆ డైమండ్లు కొందరికే కనిపిస్తున్నాయి.

ఇన్నాళ్లూ ఇది ఎవరికీ కనబడకపోవడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. ఇంగ్లీషులో పరీక్షించిన మనిషికి ఇది ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే అక్కడ అక్షరానికి ఒకటే బైటు. చైనీస్‌లో పరీక్షించినా బయటపడకపోవచ్చు. వాళ్లకూ చాలావరకు అక్షరానికి మూడు బైట్లే, మాటల మధ్య ఖాళీ ఉండదు, 45ను మూడుతో నిశ్శేషంగా భాగించవచ్చు. మూడు బైట్ల అక్షరాలూ ఒక బైటు ఖాళీలూ కలిసి వచ్చే మన భాషల్లాంటి వాటిలో ఈ కోత తరచుగా అక్షరం నడుమ పడుతుంది. తెలుగులో రోజూ మెయిల్ రాసేవాళ్లు ఫిర్యాదు చేయకపోతే దీన్ని పట్టుకునే మనిషి దొరకడం కష్టం.

మీరు చేయాల్సింది ఇది. ఆ మెయిల్‌ను థండర్‌బర్డ్‌లో తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కండి. మెయిల్ అసలు రూపం కనిపిస్తుంది. అందులో సబ్జెక్టు లైన్లను కాపీ చేసి, నాకు రాసిన వివరమే జతచేసి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపండి. ఆర్‌ఎఫ్‌సీ 2047 పేరు తప్పకుండా రాయండి. వాళ్లు సరిచేసేలోపు "సర్వసభ్యసమావేశం" అని కలిపి రాయండి. సమాసం కాబట్టి తప్పేమీ లేదు. అప్పుడది సరిగ్గా 45 బైట్లు. కోత సున్నా తర్వాత పడుతుంది.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీ++, జావాస్క్రిప్ట్ కొద్దిగా వచ్చు. థండర్‌బర్డ్‌కు కోడ్ రాయాలనుంది. సోర్స్ కోడ్ దించుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ వచ్చేసింది. మాకు ఇలాంటివి నేర్పించేవాళ్లు లేరు.
– విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: టెన్షన్ పడకమ్మా, ఆ కోడ్ చూసి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. థండర్‌బర్డ్ ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ మీద కట్టిన ప్రోగ్రాం. ముందు ఫైర్‌ఫాక్స్ కోడ్ అంతా తీసుకుని, దాని లోపల కామ్ అనే ఫోల్డర్‌లో థండర్‌బర్డ్ కోడ్ పెట్టి, రెండూ కలిపి బిల్డ్ చేయాలి, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చాలి. హార్డ్ డిస్కులో పదుల జీబీల చోటు కావాలి. కాలేజీ లాప్‌టాప్‌లో మొదటి బిల్డ్‌కు కొన్ని గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఉత్సాహంగా వచ్చిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందుకని నా సలహా వేరేగా ఉంటుంది. మొదటి నెల కోడ్ ముట్టుకోవద్దు, బగ్‌లు చదువు.

ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లను మొదలుపెట్టిన సంస్థ మొజిల్లా. దాని ప్రాజెక్టుల బగ్‌లు చాలావరకు బగ్‌జిల్లా అనే ఒకే చోట ఉంటాయి. 1998 నుంచి నడుస్తున్న రికార్డు అది. నంబర్లు 19 లక్షలు దాటాయి. అందులో థండర్‌బర్డ్ భాగం తెరిచి, ఇంకా ఎవరూ నిర్ధారించని కొత్త రిపోర్టులు చూడు. రిపోర్టు రాసే ఫారంలో మూడు గడులు ఉంటాయి: ఏం చేస్తే ఇది జరిగింది, ఏం జరిగింది, ఏం జరగాల్సింది. "మెయిల్ రావడం లేదు, అర్జెంట్" అని రాసి వదిలేసినవి బోలెడు కనిపిస్తాయి. వాటితో ఎవరూ ఏమీ చేయలేరు. పైన రాజమహేంద్రవరం కార్యదర్శి గారి ఉత్తరం మళ్లీ చదువు. ఆయనకు కోడ్ రాదు. అయినా ఎప్పుడు చెడుతోంది, ఎప్పుడు చెడడం లేదు అన్న రెండూ ఇచ్చారు. ఆ రెండింటి మధ్యే కారణం దొరికింది. నువ్వు ముందు నేర్చుకోవాల్సింది అదే.

ఒక రిపోర్టు తీసుకో. అందులో రాసినట్టే నీ కంప్యూటర్‌లో చేసి చూడు. బయటివాళ్లు రాసిన అదనపు హంగులను యాడ్-ఆన్‌లంటారు; అవన్నీ ఆపే ట్రబుల్‌షూట్ మోడ్ ఒకటి ఉంది, అందులోనూ చూడు. అందులో ఆ సమస్య కనిపించకపోతే నింద యాడ్-ఆన్ మీదకు పోతుంది, కోడ్ రాసేవాళ్ల సమయం మిగులుతుంది. నీ దగ్గరా అలాగే జరిగితే ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ రకం ఖాతా అన్నది వ్యాఖ్యగా రాయి. వ్యాఖ్య రాయడానికి ఖాతా తెరిస్తే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బగ్ స్థితి మార్చే హక్కు మాత్రం కొన్నాళ్లు నీ పని చూశాక ఇస్తారు. ఒక జాగ్రత్త: సొంత మెయిల్ ఏదైనా నమూనాగా జతచేసేటప్పుడు అందులో పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు తీసేయాలి. ఆ పేజీని లోకమంతా చదువుతుంది.

దీని తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చెప్తాను. కొన్ని బగ్‌లు "పోయిన ఏడాది బాగుండేది, ఇప్పుడు చెడింది" అన్న రకం. థండర్‌బర్డ్‌కు రోజూ డైలీ అనే కొత్త బిల్డ్ వస్తుంది, పాతవన్నీ దాచిపెట్టి ఉంటాయి. మోజ్‌రిగ్రెషన్ అనే చిన్న పనిముట్టుకు బాగున్న తేదీ, చెడిన తేదీ ఇస్తే అది మధ్యలో ఉన్న బిల్డ్ దించి తెరుస్తుంది. "ఇందులో బాగుందా, లేదా?" అని అడుగుతుంది. నువ్వు చెప్పే జవాబును బట్టి సగం తేదీలు కొట్టేసి మళ్లీ మధ్యలోది తెరుస్తుంది. వెయ్యి రోజుల తేడా ఉన్నా పదిసార్లలో ఆ ఒక్క రోజు దొరుకుతుంది. ఆ రోజు చేరిన మార్పుల జాబితా చిన్నదే ఉంటుంది. నీ క్లాసులో బైనరీ సెర్చ్ చెప్పి ఉంటారు కదా, ఇది అదే. ఒక్క లైను కోడ్ రాయకుండా ఒక బగ్‌కు కారణమైన మార్పును పట్టి ఇస్తే, ఆ కోడ్ రాసిన మనిషి స్వయంగా వచ్చి నీతో మాట్లాడతాడు. అక్కడి నుంచి నువ్వు కొత్తదానివి కాదు.

ఆ తర్వాత కోడ్. కొత్తవాళ్ల కోసమని గుర్తుపెట్టి ఉంచిన చిన్న బగ్‌లు ఉంటాయి, వాటిలో ఒకటి తీసుకో. తెర మీద కనిపించే భాగాలు చాలావరకు జావాస్క్రిప్ట్, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్. సర్వర్లతో మాట్లాడే లోపలి పనుల్లో సీ++ ఎక్కువ. నువ్వు చేసిన మార్పును ప్యాచ్‌గా పంపితే ఆ భాగం బాగా తెలిసిన రివ్యూయర్ లైను లైనూ చదువుతారు. తిప్పి పంపుతారు. రెండోసారీ తిప్పి పంపవచ్చు. బాధపడకు, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్ల ప్యాచ్‌లూ అలాగే తిరిగి వస్తాయి. ఒప్పుకున్నాక విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో ఆటోమేటిక్ పరీక్షలు నడుస్తాయి. అవి దాటితే ముందు డైలీలోకి, తర్వాత బీటాలోకి, చివరికి అందరూ వాడే వెర్షన్‌లోకి వెళ్తుంది. వారం రోజులు జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు. తెలుగు మీడియంలో చదివానని వెనకాడవద్దు. అక్కడ రాసేవాళ్లలో ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు చాలామంది. చిన్న వాక్యాలు రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: 2012లో థండర్‌బర్డ్ ఆపేస్తున్నారని పేపర్లో చదివి వేరేదానికి మారాను. ఇప్పుడు మా మనవడు మళ్లీ అదే పెట్టాడు. ఇంతకీ దాన్ని నడిపేది ఎవరు? డబ్బులెక్కడివి? మళ్లీ ఆగిపోదని ఏమిటి నమ్మకం?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీరు చదివింది సగం నిజం. 2003 జులైలో తొలి వెర్షన్, 2004 డిసెంబరులో 1.0 వచ్చాయి. 2012 జులైలో మొజిల్లా తన మనుషులను చాలావరకు వేరే పనులకు మార్చింది. భద్రతకు సంబంధించిన మరమ్మతులు మేం ఇస్తాం, కొత్త పనులు వాలంటీర్లు చూసుకోవాలి అంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. థండర్‌బర్డ్ ఫైర్‌ఫాక్స్ మీద నిలబడిందని పైన రాశాను. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఆగలేదు, వేగంగా మారుతూ పోయింది. పాత భాగాలు ఒక్కొక్కటే తీసేశారు. 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్‌తో పాత పద్ధతి యాడ్-ఆన్‌లన్నీ ఆగిపోయాయి. కింద ఏది కదిలినా పైన థండర్‌బర్డ్‌లో ఏదో ఒకటి విరిగేది. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని దాన్ని మళ్లీ నిలబెట్టినవాళ్లున్నారు. కొత్త సదుపాయం ఒక్కటీ చేర్చకుండా, ఉన్నది ఉన్నట్టు నడవడానికే అంత కష్టపడ్డారు. వాడేవాళ్లకు ఆ పని కనిపించదు. నాకు మాత్రం ఈ ప్రాజెక్టు చరిత్రలో ఆ ఐదారేళ్లే అన్నిటికంటే గొప్పవి.

2014లో వాలంటీర్లు తమలోంచి ఒక కౌన్సిల్‌ను ఎన్నుకున్నారు. 2017 మేలో మొజిల్లా ఫౌండేషన్ నీడలోనే ఉండాలని తేలింది. 2020 జనవరి నుంచి ఆ ఫౌండేషన్ కిందే ఉన్న ఎమ్‌జెడ్‌ఎల్‌ఏ టెక్నాలజీస్ అనే సంస్థ నడుపుతోంది. ఇప్పుడు జీతానికి పనిచేసేవాళ్లూ ఉన్నారు, వాలంటీర్లూ ఉన్నారు. డబ్బు దాదాపు అంతా వాడుకునేవాళ్లు ఇచ్చే విరాళాలే. 2022లో సుమారు 64 లక్షల డాలర్లు, 2023లో సుమారు 86 లక్షల డాలర్లు వచ్చాయి. ఎప్పటికీ ఆగదని నేను రాసివ్వలేను. కానీ సోర్స్ కోడ్ అందరి చేతుల్లో ఉంది, జీతాలిచ్చేవాళ్లు పక్కకు జరిగినప్పుడు కూడా నిలబడిన చరిత్ర ఉంది. మనవడు పెట్టింది ఉంచండి.

ప్రశ్న: కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకూ కనిపిస్తుంది కదా? ఆఫీసు మెయిల్‌కు వాడాలంటే భయంగా ఉంది.
– బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

జవాబు: కనిపిస్తుంది. కోడ్ దాచిపెట్టిన ప్రోగ్రాములకూ లోపాలు ఉంటాయన్నది దానితోపాటు గుర్తుపెట్టుకోండి. 2018 మేలో ఐరోపా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈఫెయిల్ అనే లోపాన్ని బయటపెట్టారు. రహస్య లిపిలో ఉన్న మీ మెయిల్ ఒకటి దొంగకు దొరికిందనుకోండి. దానికి ముందు ఒక బొమ్మ అడ్రసు మొదలుపెట్టి, తర్వాత ఆ అడ్రసును ముగించి మీకే తిరిగి పంపుతాడు. మీ ప్రోగ్రాం రహస్యాన్ని విప్పి, విప్పిన మాటలను ఆ బొమ్మ అడ్రసులో భాగమనుకుని దొంగ సర్వర్‌కు పంపేస్తుంది. థండర్‌బర్డ్‌కూ ఆ దెబ్బ తగిలింది, కోడ్ దాచిపెట్టిన ఆపిల్ మెయిల్‌కూ తగిలింది. థండర్‌బర్డ్ 52.8, 52.9 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. ఏ లైను మార్చారో ఎవరైనా చూడవచ్చు.

అన్ని బగ్‌లూ బహిరంగమే అయినా భద్రతకు సంబంధించినవి మరమ్మతు జనానికి అందేదాకా మూసి ఉంచుతారు. మాలాంటి మామూలు వాలంటీర్లకు అవి కనిపించవు, కనిపించకూడదు కూడా. మీ వంతుగా మూడు పనులు: అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోండి. బయటి బొమ్మలను థండర్‌బర్డ్ మామూలుగానే ఆపి ఉంచుతుంది, ఆ సెట్టింగ్ మార్చకండి. ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టే ముందు మీ ఐటీ విభాగం అనుమతి తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ అయిపోయింది. ఉద్యోగం వెతుక్కోకుండా జీతం లేని ఓపెన్ సోర్స్ పని అంటూ కూర్చుంటున్నాడు. దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉందా, పిల్లవాడి టైం వృథానా?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అయ్యా, మీ ఆందోళన న్యాయమైనదే. ఇల్లు నడవాలి కదా. ఉద్యోగాల వేట ఆపమని నేను చెప్పను. రోజుకు రెండు గంటలు దీనికి, మిగతా సమయం దానికి అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఉపయోగం ఉందా అన్నది అతను చేసే పనిని బట్టి ఉంటుంది. సర్టిఫికెట్ కోసమో బహుమతి కోసమో ఏదో ఒక ఫైలులో ఒక మాట మార్చి పంపితే ఏమీ రాదు. 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఆ టీషర్టు కోసం పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు వాటిని తీసి పారేయలేక అలసిపోయారు. చివరికి ఇష్టపడిన ప్రాజెక్టులకే అది వర్తించేలా నిర్వాహకులు నియమాలు మార్చారు. అలాంటి పని అయితే మాన్పించండి.

అలా కాకుండా ఒక బగ్ పట్టుకుని చివరిదాకా నడిపిస్తున్నాడా అని అడగండి. రివ్యూయర్ ఏం తప్పు చూపించాడు, దానికి ఇతను ఏం జవాబిచ్చాడు, ఎలా సరిచేశాడు అన్నదంతా అక్కడ రికార్డుగా ఉండిపోతుంది. మా కంపెనీలో ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు నేను అదే తెరిచి చదువుతాను. మార్కుల జాబితాలో లేని సంగతి అందులో ఉంటుంది: విమర్శ వచ్చినప్పుడు ఈ పిల్లవాడు ఎలా మాట్లాడతాడో తెలుస్తుంది. ఈ ఆదివారం అతని పక్కన కూర్చుని "నీ బగ్ ఒకటి చూపించు" అనండి. విడమరిచి చెప్పగలిగితే పిల్లవాడి టైం వృథా కావడం లేదు.

ప్రశ్న: ఫోన్‌లో ఏళ్లుగా కే-9 మెయిల్ వాడుతున్నాను. థండర్‌బర్డ్ వాళ్లు దాన్ని తీసుకున్నారని విన్నాను. మారాలా?
– గృహిణి, హోసూరు

జవాబు: తొందరేమీ లేదండీ. కే-9 మెయిల్ 2008 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ యాప్. 2022 జూన్‌లో థండర్‌బర్డ్‌తో కలిసింది. 2024 అక్టోబరు చివర ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్ విడుదలైంది. రెండూ ఒకే కోడ్ నుంచి తయారవుతాయి. పేరు, రంగులు, గుర్తు వేరు. మారాలనిపిస్తే కొత్త యాప్ మొదటిసారి తెరిచినప్పుడు కే-9లోని ఖాతాలను తెచ్చుకునే వీలుంది. పాస్‌వర్డ్‌లు మాత్రం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. కొత్తదానిలో అన్ని ఖాతాల మెయిల్స్ వస్తున్నాయని చూసుకున్నాకే పాతది తీసేయండి.